ఐదు నిమిషాల ఖాళీ

లెక్కపెట్టే మనిషితో మాట్లాడకూడదు. షెదింగ్ కొండ మీద అందరూ పాటించే నియమం అది. ఇల్లు అంటుకుందని కబురొచ్చినా సరే, మీట నొక్కే బొటనవేలు ఆగేదాకా ఓపిక పట్టాల్సిందే.

అందుకే పాన్ షిన్ రూ నలభై నిమిషాలుగా నోరు మూసుకుని నిలబడి ఉంది. నోరు మూసుకోవడం ఆమెకు పుట్టుకతో రాని విద్య.

అక్టోబరు పదకొండు. తెల్లవారి గంట కాలేదు. రాత్రి లోయల్లో పడుకున్న బూడిదమొగం డేగలు గుంపులు గుంపులుగా లేచి, కొండ నెత్తి మీదుగా దక్షిణాన సముద్రం వైపు పోతున్నాయి. కొండ అంచున ఉన్న మండపంలో ఒక యువకుడు రెండు చేతుల్లో రెండు క్లిక్కర్లతో తల పైకెత్తి నిలబడ్డాడు. ఎడమ చేతి మీట ఒక్కో డేగకి, కుడి చేతి మీట పదేసి డేగలకి. గాలికి ఎగిరిపోకుండా టోపీని తువ్వాలుతో గడ్డం కింద ముడేసుకున్నాడు. పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

దారి పొడుగునా స్కూటరు మీద షిన్ రూ తిట్లు వరసగా పేర్చుకుంటూ వచ్చింది. నలభై నిమిషాల చలిగాలికి వాటిలో సగం మరిచిపోయింది.

చివరికి ఆకాశం ఖాళీ అయింది. అతను క్లిక్కర్లు చూసి, అంకెలు కాగితం మీద వేసుకుని, వెనక్కి తిరిగాడు.

"ఇక చెప్పండి. ఇందాకటి నుంచి నా వీపు కాలిపోతోంది."

"హువాంగ్ లీ హెంగ్ మీరేనా?"

"నేనే. మీరు?"

"మాన్‌జో వంతెన."

అతని కనుబొమలు పైకి లేచాయి. "ఓహో! నిన్న సాయంత్రం రెండువేల నూట నలభై మీరేనా?"

"నేనే. మీరు ఇవాళ ఎంత?"

"మూడువేల రెండొందల అరవై."

"బాగుంది! మా లోయలో దిగినవి రెండువేల నూట నలభై. తెల్లారి లేచినవి మూడువేల పైచిలుకు. రాత్రికి రాత్రి పిల్లల్ని పెట్టాయా?"

"మీ లెక్క తప్పి ఉంటుంది."

"నాదా? మీరు పోయినవాటినే మళ్ళీ లెక్కపెట్టారు. సముద్రం మీద ఎదురుగాలి తగిలి ఓ మూడొందల దాకా వెనక్కి తిరిగాయి. మీ వెనక నుంచి, అదిగో ఆ చెట్ల మీదుగా కిందికి దిగి, కాసేపాగి, మళ్ళీ లేచి మీ నెత్తి మీదుగానే పోయాయి. మీ చూపంతా సముద్రం మీదే. మీ వెనక నిలబడ్డాను కాబట్టి నేను చూశాను."

"చూస్తే అప్పుడే చెప్పొచ్చుగా!"

"లెక్కపెట్టే మనిషితో మాట్లాడకూడదు."

లీ హెంగ్ వెనక చెట్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత నిజాయితీగా కాగితం తీసి మూడొందలు కొట్టేశాడు.

"సరే, మూడొందలు నావి. మరి మిగతా ఎనిమిదొందలు?"

షిన్ రూ స్కూటరు తాళం కోసం వెతుక్కుంది.

"అవి మీ దగ్గర తప్పిపోయినవి," అని నవ్వాడు లీ హెంగ్. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. నచ్చలేదనే కొండ దిగేదాకా అనుకుంటూ పోయింది.

నిజానికి ఆమెకు నవ్వులాట కాదిది. కొండ మీద పొద్దుటి లెక్క ఎన్నో ఏళ్ళుగా ఉంది. సాయంత్రం డేగలు దిగే మాన్‌జో లోయలో మాత్రం లెక్క అన్నదే లేదు. ఈ ఏడాదే పక్షుల సంఘం పది సాయంత్రాలు పరీక్షగా ఇచ్చింది. సాయంత్రం దిగినవాటికీ మర్నాడు లేచినవాటికీ తేడా పదో వంతు లోపల ఉండాలి. పదింట ఏడు రోజులు అలా కుదిరితే వంతెన దగ్గర శాశ్వతంగా లెక్క, ఆ లెక్కకు షిన్ రూ. కుదరకపోతే లేదు. మొదటి మూడు రోజులూ తప్పాయి.

సంఘంలో కొందరు నోరు విడిచి అనకపోయినా అనుకునేది ఆమెకు తెలుసు. వేటగాడి మనవరాలికి లెక్క అప్పగించడమేమిటని. ఒకప్పుడు మాన్‌జో అంటే ఉచ్చుల ఊరు. తాత ఆ-తూ పేరు తెలియని చెట్టు ఆ లోయలో ఉండేది కాదు. ఆయన మానేసి నలభై ఏళ్ళవుతున్నా ఊరికి ఆ పేరు పోలేదు. ఆయనకిప్పుడు డెబ్భై తొమ్మిది. ఆయన ఉండగానే ఆ పేరు పోవాలని షిన్ రూ కోరిక.

ఆ సాయంత్రం లీ హెంగ్ అద్దె స్కూటరు వేసుకుని వంతెన దగ్గరికి వచ్చాడు. తాత ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని వక్క నములుతున్నాడు.

"ఏ ఊరు బాబూ?"

"చాంగ్‌హువా, తాతగారూ."

"పెళ్ళయిందా?"

"తాతా!" అంది షిన్ రూ.

"అడిగితే తప్పేంటే? డేగనైతే చూసి చెప్పేస్తా ఆడో మగో, పడుచుదో ముసలిదో. మనిషినైతే అడగాలిగా."

"కాలేదు తాతగారూ," అన్నాడు లీ హెంగ్, చాలా ఆసక్తిగా బైనాక్యులర్ తుడుచుకుంటూ.

డేగలు వచ్చాయి. ఉత్తరాన కొండల మీద చుక్కల్లా మొదలై, లోయ మీద చుట్టూ తిరిగి, రెక్కలు ముడుచుకుని చెట్లలోకి జారిపోయాయి. షిన్ రూ బొటనవేలు ఆడుతూనే ఉంది. ఆమె లెక్కలో పొరపాటేమీ లీ హెంగ్‌కి కనిపించలేదు. అతను తాత పక్కన గొంతుక్కూచుని, గొంతు తగ్గించి అడిగాడు.

"తాతగారూ, ఇవి ఈ లోయలోనే దిగుతాయా? ఇంకెక్కడా దిగవా?"

తాత నమలడం ఆపేశాడు. తర్వాత చేతికర్రతో వక్కచెట్ల గట్టు వైపు చూపించాడు.

"ఆ గట్టు వెనక ఇంకో వాగుంది. గాలి ఎక్కువైతే ఆ వాగు చెట్లలో దిగుతాయి."

ఆఖరి డేగ దిగేదాకా ఆగి షిన్ రూ తాత ముందుకొచ్చి నిలబడింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పావా తాతా?"

"నేను ఉచ్చులు పెట్టింది అక్కడే." తాత నేల చూస్తూ అన్నాడు. "నువ్వు ఎప్పుడూ ఆ వైపు పోకూడదనుకున్నా. నీ చేతిలో ఉన్నది ఉచ్చు కాదు, ఈ టిక్కుటిక్కు డబ్బాయే కదా ఇప్పుడు. పో. వంతెన చివర ఉల్లిపాయల గోదాము మెట్లెక్కితే వాగూ లోయా రెండూ కనిపిస్తాయి."

ఇంకా కాస్త వెలుతురుంది. ముగ్గురూ గోదాము మెట్లెక్కి చూశారు. వాగు పొడుగునా కొమ్మ కొమ్మకీ డేగలే. వాటిని ఒకటొకటిగా లెక్కపెట్టి షిన్ రూ ఆ రోజు లెక్కలో కలిపింది.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. ఉత్త అంకె: 3,118.

షిన్ రూ తిరిగి పంపింది: 3,190. డెబ్భై రెండింటిని ఎక్కడ దాచారు?

జవాబు వచ్చింది: మీ తాతగారిని అడగండి, దాచే చోట్లు ఆయనకే తెలుసు.

ఆ రోజు నుంచి వరసగా ఆరు రోజులు లెక్క కుదిరింది. గాలి ఎలా ఉందో చూడాలన్న వంకతో లీ హెంగ్ రోజూ సాయంత్రం వచ్చేవాడు. గాలి కొండ మీదే బాగా తెలుస్తుందని తాత అంటే, ఇక్కడి గాలి వేరన్నాడు. తాత పెట్టే చేదు టీ మొహం చిట్లించకుండా తాగడం నేర్చుకున్నాడు. షిన్ రూ ఒక పొద్దున వేడి సోయాపాలు సీసాలో పోసుకుని కొండెక్కింది. చలిలో నాలుగింటికే లేచే మనిషి ఖాళీ కడుపుతో నిలబడితే కళ్ళు తిరుగుతాయని ఆమె భయం. లెక్కకు మంచిది కాదని తాతకు చెప్పింది. లెక్కకేనా అన్నాడు తాత.

"మార్చిలో ఇవే డేగలు తిరిగి మా ఊరి మీదుగా పోతాయి," అన్నాడు లీ హెంగ్ ఒక సాయంత్రం, మెట్ల మీద కూచుని పొట్టు తీసిన పెసరపప్పు తీపిజావ తింటూ. "మా బాగువా కొండ మీద నుంచి లెక్కపెడతాను. వచ్చేవి నావి, పోయేవి మీవి."

"మంచి పని మీదే," అంది షిన్ రూ.

ఆ మాట తేలిగ్గానే అంది. ఈ వంతెన పక్క బస్టాపులోనే అమ్మ వెళ్ళొస్తానని బస్సెక్కింది, మళ్ళీ రాలేదు. షిన్ రూకి తొమ్మిదేళ్ళప్పుడు. ఏటా అక్టోబరులో ఇన్ని డేగలు పోతుంటే నిలబడి లెక్కపెట్టడం ఎందుకు మొదలుపెట్టావని ఎవరూ ఆమెను అడగలేదు. అడిగితే, లెక్కపెట్టినవి తప్పిపోవని చెప్పేదేమో.

లీ హెంగ్ పద్దెనిమిదిన సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు.

పదిహేడున ఉత్తరపు గాలి బాగా వీచింది. ఆ సీజనులో ఎన్నడూ రానన్ని డేగలు వచ్చాయి. ఆరు రోజులు కుదిరాయి, ఇది పదోది, ఇదొక్కటీ కుదిరితే ఏడు. షిన్ రూ గోదాము మెట్ల మీద ఊపిరి కూడా లెక్కగా పీలుస్తూ మీట నొక్కుతోంది.

అప్పుడు మెట్ల కిందికి లీ హెంగ్ వచ్చాడు.

మాట్లాడలేదు. నియమం తప్పలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఉత్తినే నిలబడ్డాడు. ఆకాశం నిండా డేగలుండగా, డేగలంటే ప్రాణమిచ్చే ఆ మనిషి ఆకాశం చూడటం లేదు.

షిన్ రూ ఒక్క క్షణం కిందికి చూసింది. ఒక్క క్షణమే అనుకుంది. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమె కోపంగా తల తిప్పేసుకునేది. రేపీపాటికి ఈ మెట్ల కింద ఈ మనిషి ఉండడు అనుకుంది. చొక్కా మూడో గుండీ ఊడేలా ఉంది, ఊళ్ళో ఎవరైనా కుడతారో లేదో అనుకుంది. ఇంకా ఏవేవో అనుకుంది.

"అమ్మాయ్! పైన! పైన!" తాత స్టూలు మీద నుంచి లేచి కర్ర ఊపుతున్నాడు.

గడియారం చూసుకుంది. నాలుగూ యాభై రెండుకి ఆఖరి అంకె వేసింది. ఇప్పుడు నాలుగూ యాభై ఏడు.

ఆ రోజు మొత్తం 3,871. మర్నాడు పొద్దున్న ఫోనులో వచ్చిన అంకె 4,912.

మధ్యాహ్నం సంఘం మీటింగు. గదిలోకి పోయేముందు కారిడార్‌లో లీ హెంగ్ ఆమెను ఆపాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"కాగితం ఇంకా ఇవ్వలేదుగా? ఆ ఐదు నిమిషాలకి వెయ్యి అని రాసెయ్యి. అబద్ధం కాదు, వెయ్యికి తక్కువ పోలేదు. నేను చూశాను."

మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"నువ్వు ఆకాశం చూడలేదు."

"నీకెలా తెలుసు?"

"నువ్వెటు చూస్తున్నావో నేను చూస్తున్నా కాబట్టి."

ఇద్దరూ గోడ మీది అగ్నిమాపక సూచనలు శ్రద్ధగా చదివారు.

"పోనీ, ఐదు నిమిషాలు వాన అని రాయి," అన్నాడతను నెమ్మదిగా. "తప్పు నాది. నేను రాకుండా ఉండాల్సింది. నావల్ల నీ వంతెన పోతే నేను..."

"చినుకు పడలేదు లీ హెంగ్. వేటగాడి మనవరాలు దొంగలెక్క రాసిందని రేపెవరైనా అంటే, అది నాకు కాదు, మా తాతకి తగులుతుంది."

లెక్క కాగితంలో ఆగిన సమయానికి ఒక గడి, దాని పక్కన కారణానికి ఒక గడి ఉంటాయి. నిలబడే ఏదో రాసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సీజను చివర ఆగిన సమయాలన్నీ పైకి చదవడం సంఘంలో ఆనవాయితీ. ముప్పై ఏళ్ళుగా చదివేది గూ టీచరే. సన్నగా, పొట్టిగా ఉంటుంది, కళ్ళజోడు మీద నుంచి చూస్తుంది. ఇరవై మంది ముందు ఆమె చదువుతూ పోయింది. పొగమంచు. కుండపోత. ఒకచోట, కోతి మధ్యాహ్నం భోజనం ఎత్తుకుపోయింది.

"పదిహేడో తేదీ, మాన్‌జో వంతెన, నాలుగూ యాభై రెండు నుంచి యాభై ఏడు. కారణం..." గూ టీచర్ ఆగి, కాగితం దగ్గరికి తెచ్చుకుంది. "లెక్కపెట్టే మనిషి ఆకాశం చూడలేదు."

గది ఒక్కసారి గొల్లుమంది.

"మరెటు చూసిందమ్మా?" అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన.

"మెట్ల కిందికి," అంది షిన్ రూ.

నవ్వు ఆగాక, ఎవరూ అడగకుండానే లీ హెంగ్ లేచి నిలబడ్డాడు.

"టీచర్, నాదొక సవరణ. పద్నాలుగో తేదీ పొద్దున్న ఆరూ పది నుంచి పదమూడు వరకు పొగమంచని రాశాను. పొగమంచు లేదు."

"మరేముంది?"

"సోయాపాలు పట్టుకుని షిన్ రూ వచ్చి నా వెనక నిలబడింది. ఒక్క మాటా మాట్లాడలేదు. నేనే వెనక్కి తిరిగాను."

ఈసారి నవ్వు కారిడార్ దాకా వినిపించింది. గూ టీచర్ నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి పొగమంచుని కొట్టేసి, పైన 'సోయాపాలు' అని రాసింది. తర్వాత షిన్ రూ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇక్కడ వెయ్యి అని వేసి ఉంటే నాకు తెలిసేది కాదు. నీకు ఏడు రోజులు వచ్చేసేవి. అవునా?"

"అవును టీచర్."

"నియమం నియమమే. ఆరుని ఏడు చెయ్యలేను. కానీ ఐదు నిమిషాలు ఖాళీ ఉన్న రోజు పోల్చడానికి పనికిరాదు, అది రోజే కాదు. అంటే నీకు ఇంకో సాయంత్రం బాకీ ఉన్నాం. ఇవాళే. హువాంగ్, నీ బస్సు టికెట్టు రద్దు చేసుకో, రేపు పొద్దున్న కొండ మీద ఉండాలి. ఇవాళ సాయంత్రం మాత్రం ఆ మెట్ల దరిదాపుల్లో కనిపించావో, క్లిక్కర్లు లాగేసుకుంటా."

ఆ బాధ్యత తాత తీసుకున్నాడు. మూడున్నరకే లీ హెంగ్‌ని ఉల్లిపాయల గోదాములోకి పిలిచి, చేతిలో ఓ బుట్ట పెట్టి, బయట గొళ్ళెం పెట్టేశాడు.

"తాతగారూ! ఏమిటిది?"

"కుళ్ళినవి ఏరు. నలభై ఏళ్ళ తర్వాత ఒకణ్ణి పట్టా. చీకటి పడేదాకా వదల్ను."

గోదాము కప్పు కింద అతను ఉల్లిపాయలు ఏరుతూ కళ్ళు తుడుచుకుంటుంటే, పైన మెట్ల మీద ఆమె మీట నొక్కుతూనే ఉంది. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. 2,655.

మర్నాడు షిన్ రూ ఫోను కోసం ఆగలేకపోయింది. చీకటుండగానే కొండెక్కి, ఈసారి అతని వెనక కాదు, అతని కంటికి అందకుండా మండపం స్తంభం చాటున నిలబడింది. ఆఖరి గుంపు సముద్రం మీద మసకగా కరిగిపోయింది. లీ హెంగ్ అంకెలు చూశాడు. మళ్ళీ చూశాడు.

"రెండువేల ఏడొందల ఒకటి!" అని సముద్రం అదిరేలా అరిచి, వెనక్కి తిరిగి, స్తంభం చాటున ఆమెను చూసి, "నలభై ఆరు ఎక్కడ దాచావ్?" అన్నాడు.

ఏడో రోజు కుదిరింది. షిన్ రూ నవ్వుతూ ఏడ్చింది. ఆమెకు ఆ రెండూ విడివిడిగా చెయ్యడం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం బస్సు టైముకి ఆమె టీ గిన్నెలు కడుగుతూ లోపలే ఉండిపోయింది. బస్టాపుకి రాదని లీ హెంగ్‌కి అర్థమైంది. సంచీ గడప బయట పెట్టి లోపలికి వచ్చాడు.

"వెళ్ళొస్తానని చెప్పను. నీకు ఆ మాట పడదని తాతగారు చెప్పారు. అడగడానికి వచ్చా. మార్చిలో మా ఊరు రా. వచ్చేవి ఎలా ఉంటాయో చూద్దువుగాని. నన్ను కూడా."

"తాతని ఎవరు చూస్తారు?" అంది గిన్నె వైపు చూస్తూ.

"నేనేమన్నా గుడ్డులో పిల్లనా?" తాత గుమ్మంలో నిలబడ్డాడు. "డెబ్భై తొమ్మిదేళ్ళుగా ఇవి పోవడమే చూశా. తిరిగి వచ్చేటప్పుడు వీటి మొహం ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడొద్దా? నాకూ ఒక టికెట్టు కొనవే."

మార్చి ఇరవై రెండున బాగువా కొండ మీద పొగలాంటి ఎండ. లీ హెంగ్ తల్లి మాంసం కూరిన వేడి బా-వాన్ ముద్దలు డబ్బా నిండా తెచ్చి, మూడోది కూడా తాత గిన్నెలోనే వేసింది. కాస్త అవతల లీ హెంగ్ క్లిక్కర్లు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన షిన్ రూ. ఈసారి ఆమె చేతుల్లో ఏమీ లేదు.

"మా డేగలు ఈ ఏడు తొందరగానే వచ్చాయి," అంది తల్లి.

"మీవా?" తాత తినడం ఆపేశాడు. "మా ఊళ్ళో పడుకుని పోయినవమ్మా ఇవి. ఒక్కోటీ ఏ కొమ్మ మీద పడుకుందో చెప్పగలను."

"పడుకుంటే మాత్రం? ఇంటికొచ్చేది ఇటేగా."

"పోయేది చూసినవాళ్ళు మేము!"

"వచ్చేది చూసేది మేము!"

ఇద్దరూ కాసేపు మొహాలు తిప్పుకుని కూచున్నారు. తల్లి డబ్బా మూత పెడుతూ, ఏమీ ఎరగనట్టు అంది. "పోనీ పంచుకుందామా పెద్దాయనా? డేగలు మీకు, పిల్ల మాకు."

తాత కర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. బేరం ఆయనకు కొత్త కాదు.

"పూర్తిగా ఇవ్వను. మీ అబ్బాయిని అక్టోబరుకి నా దగ్గరికి పంపితే, మా పిల్లని మార్చికి మీ దగ్గరికి పంపుతా."

"మరి మధ్య నెలలు?"

"అవి వాళ్ళ గోల."

"కుదిరింది," అంది తల్లి, ఇంకో ముద్ద ఆయన గిన్నెలో వేసి.

లెక్కపెట్టేవాడు వెనక్కి తిరగలేదు. తిరగలేడు, దక్షిణం వైపు మరో గుంపు లేచింది. కానీ ఎడమ చేతి క్లిక్కరు షిన్ రూ చేతిలోకి మారింది. ఒక్కో డేగకి ఆమె, పదేసికి అతను.

డేగలు సరిగ్గా నెత్తి మీదికి వచ్చాయి. బూడిదరంగు మొహాలు, అరిగిన రెక్కలు, సముద్రం దాటి వచ్చిన అలసట. ఆ-తూ తాత కర్ర పారేసి లేచి నిలబడ్డాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, ఊరి నుంచి వచ్చిన చుట్టాల్ని పలకరించినట్టు ఆకాశంలోకి గట్టిగా అరిచాడు.

"అన్నం తిన్నారా?"